37 శాతం బూత్: ఓటర్లు రాలేదా, అసలు లేరా?

మా శివారులో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. దాంట్లో రెండు గదులు, రెండు బూత్‌లు, మధ్యలో ఒక్కటే గోడ. 2018 డిసెంబరు 7న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో ఒక గదిలో నూటికి అరవై మందికి పైగా ఓటేశారు. పక్క గదిలో ముప్పై ఏడు మంది. వాన లేదు, గొడవ లేదు, మిషను మొరాయించలేదు. ఆ రెండో గది కథ ఇది.

నేను రిటైరైన జూనియర్ కాలేజీ లెక్చరర్ని. సర్వీసులో ఉండగా చాలాసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ చేశాను. రిటైరయ్యాక కాలనీ సంఘాల తరఫున ఓటరు జాబితా పని నెత్తిన వేసుకున్నాను. ఏ కాలనీయో తెలియకుండా ఉండటానికి కొన్ని వివరాలు మార్చాను, బూత్ అంకెలను గుండ్రం చేశాను. ఇందులో వచ్చే ముగ్గురు పార్టీ ఏజెంట్లను వాళ్లు చేసే పనిని బట్టి బ్యాంకాయన, కిరాణా ఆయన, ఆటో తమ్ముడు అంటాను. ఎవరిది ఏ పార్టీయో చెప్పను. చెప్పినా ఈ కేసుకు ఒరిగేదేం లేదు.

గోడకు అటూ ఇటూ

మాది మల్కాజిగిరి లోక్‌సభ పరిధి. 2024 నాటికి 37 లక్షలకు పైగా ఓటర్లతో దేశంలోనే పెద్ద నియోజకవర్గం. ఇక్కడి ఓటు ఎవరి జేబులోనూ ఉండదు. లోక్‌సభకు 2014లో టీడీపీని, 2019లో కాంగ్రెస్‌ను, 2024లో బీజేపీని గెలిపించారు. 2019లో ఆధిక్యం పదకొండు వేల ఓట్ల లోపే. 2023 నవంబరులో రాష్ట్రం కాంగ్రెస్‌ వైపు తిరిగితే, ఈ లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ సీట్లనూ బీఆర్ఎస్‌కు ఇచ్చారు. ఆర్నెల్లు తిరక్కుండానే అదే చోట బీజేపీకి మూడు లక్షలు దాటిన మెజారిటీ వచ్చింది. బయటినుంచి చూసేవాళ్లకు ఇది పిచ్చి లెక్కలా కనిపిస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

బడిలో మొదటి గది పాత ఊరిది. గ్రామకంఠంలో ఇళ్లు, ఒకరికొకరు వరసలు పెట్టి పిలుచుకునే మనుషులు. ఎవరు చనిపోయారో, ఎవరి కోడలు కొత్తగా వచ్చిందో అందరికీ తెలుసు. పొద్దున పదింటికల్లా ఎవరు ఓటేశారు, ఎవరు వెయ్యలేదు అన్నది టీ కొట్టు దగ్గర తేలిపోతుంది. రెండో గది కాలనీది. తొంభైల్లో ప్లాట్లుగా వేసిన లేఅవుట్, తర్వాత అపార్టుమెంట్లు. గుంటూరు, కృష్ణా వాళ్లు, కరీంనగర్, వరంగల్ వాళ్లు, రిటైరైన రక్షణ సంస్థల ఉద్యోగులు, ఉత్తరాది నుంచి వచ్చిన ఐటీ పిల్లలు. ఒక్క అపార్టుమెంటులోనే నాలుగు పార్టీల అభిమానులు. ఒక ఎన్నికలప్పుడు మా వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. మూడోది ‘మెయింటెనెన్స్ మాత్రమే’ అని పెట్టుకున్నాం. దాంట్లో కూడా మోటారు రిపేరు మధ్య ఎవరో ఒకరు వీడియో వేస్తూనే ఉంటారు.

ఏం సమస్య అని నా దగ్గరికి వచ్చారు

సంఘాల సమాఖ్య కార్యదర్శి ఫోన్ చేశాడు. “సార్, ప్రతిసారీ పేపర్లో మనల్నే తిడుతున్నరు. చదువుకున్నోళ్లే ఓటెయ్యరు అని. ఏదన్నా చేద్దాం” అన్నాడు. ఆ మాట నిజమే అనిపించింది. 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో నగరం మొత్తం మీద పోలింగు 46 శాతానికి కాస్త పైన. 2023లో మునుగోడులో 91 శాతం దాటితే, హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా రాలేదు. నగరం బద్ధకం అనే మాట అందరి నోళ్లలో నానిపోయింది.

అయితే అదే కాలనీలో ఇంకో రెండు మాటలు కూడా వినిపించేవి. “వాళ్లు దొంగ ఓట్లు చేర్పించారు” అని ఒక వర్గం. “మా ఓట్లు తీసేయించారు” అని ఇంకో వర్గం. 2018లో ఓటు వేద్దామని పోతే పేరు లేదని తిరిగొచ్చినవాళ్లు నగరమంతా ఉన్నారు, మా కాలనీలోనూ ఉన్నారు. ఆ గాయం మానలేదు. నేను అప్పట్లో ఈ మూడు ఫిర్యాదులూ వేర్వేరు అనుకున్నాను. మూడూ ఒకే జాబితాలోంచి పుట్టాయని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మొదటి పొరపాటు: బద్ధకానికి మందు

2020లో మేం చేసింది అందరూ చేసేదే. ర్యాలీ, బ్యానర్లు, ‘నా ఓటు నా హక్కు’ స్టిక్కర్లు, క్లబ్‌హౌస్‌లో మీటింగు, సెల్ఫీ పాయింటు. మీటింగుకు వచ్చినవాళ్లు ఎవరో తెలుసా? ఎలాగూ ఓటేసేవాళ్లే. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన 1971 నుంచి ఒక్క ఎన్నిక కూడా వదల్లేదట. ఆయనకు నేను ఓటు విలువ గురించి అరగంట చెప్పాను. పాపం, ఓపికగా విన్నాడు.

పోలింగు రోజు మధ్యాహ్నం వరకూ బడి గేటు బయట నిలబడ్డాను. ఆ రోజు వెనక్కి తిరిగిపోయినవాళ్లను ఊరికే లెక్కపెట్టాను. రెండు గంటల్లో తొమ్మిది మంది. ఒకావిడ పేరు మూడు వీధుల అవతలి బూత్‌లో ఉంది, భర్త పేరు ఇక్కడ. ఆయన ఓటేసి బైటికొచ్చాక ఇద్దరూ బండి మీద ఆ బూత్‌కి పోతారనుకున్నాను. ఇంటికి పోయారు. ఒక కుర్రాడికి పేరే లేదు. ఇద్దరు ముసలివాళ్లకు చీటీ రాలేదు, ఏ గదో తెలియదు, లైను చూసి వెళ్లిపోయారు. బద్ధకం ఉన్నవాడు గేటుదాకా రాడు కదా. వీళ్లు వచ్చారు. మనం మందు వేసింది వేరే రోగానికని అక్కడే అనుమానం తగిలింది.

అప్పుడు చేయవలసిన పని చేశాను. ఎన్నికల అధికారుల వెబ్‌సైటులో మా భాగం (అంటే మా బూత్) ఓటరు జాబితా పీడీఎఫ్ దించుకుని, ప్రింటు తీసి, వరసగా చదివాను. ఇంటి నంబరు దగ్గర కొందరికి ప్లాటు నంబరు, కొందరికి మున్సిపాలిటీ నంబరు, ఇంకొందరికి ఉత్త సున్నా. ఒకే అపార్టుమెంటు వాళ్లు రెండు భాగాల్లో, ఐదు చోట్ల పడి ఉన్నారు. 2009లో మా ఎదురింట్లో అద్దెకుండి బెంగళూరు వెళ్లిపోయిన కుటుంబం, నలుగురూ భద్రంగా ఉన్నారు. మా వీధిలో 2016లో చనిపోయిన మాస్టారు ఉన్నాడు. ఆయన సంవత్సరీకాలకు నేను భోజనానికి వెళ్లాను.

రెండో పొరపాటు: నేను చేసిన ఎక్సెల్

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ కేసులో అసలు పాఠం ఇక్కడే ఉంది.

2022 చివర్లో జాబితా సవరణ మొదలైంది. అప్పటికి మా బూత్‌లో 1,240 పేర్లు. నేను వాచ్‌మెన్లను, ఇస్త్రీ బండి వాళ్లను అడిగి ‘ఇక్కడ లేరు’ అని 400 దాకా పేర్లతో ఎక్సెల్ షీటు తయారుచేశాను. నా ఆలోచన సూటిగా ఉంది: లేనివాళ్ల పేర్లు తీసేస్తే జాబితా శుభ్రపడుతుంది, దొంగ ఓట్ల మాట పోతుంది. ఆ షీటు సంఘం గ్రూపులో పెట్టాను. అంతే.

నాలుగు రోజుల్లో దాన్ని ఒక పార్టీ వాళ్లు ప్రింటు తీసి, నచ్చిన పేర్లు ఏరుకుని, పేరు తొలగించమని కోరే ఫామ్ 7లు పెట్టారు. ఇంకో పార్టీ వాళ్లు అదే షీటు పట్టుకుని “మా ఓట్లు తీయడానికి లెక్చరర్ సారు లిస్టు రాసిచ్చాడు” అని ఇల్లిల్లూ తిరిగారు. ఒక్క వారంలో నేను రెండు పార్టీల మనిషినయ్యాను.

ఆ షీటులో తప్పులున్నాయి. వాచ్‌మన్‌కు ఇంటి ఓనరు తెలుస్తాడు, పైపోర్షన్‌లో అద్దెకుంటూ రాత్రి డ్యూటీకి పోయేవాడు తెలియడు. మా వెనక వీధిలో ఒక పెద్దమ్మ, డెబ్బై ఎనిమిదేళ్లు. నెలకు ఇరవై రోజులు కూతురింట్లో ఉంటుంది. ఆమెకు నోటీసు వచ్చింది. నేను పోయేసరికి ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, వసారాలో పీట మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని, కవర్లోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది.

“నేను ఈడ లేనని రాసిందెవరు నాయినా?”

నేనే అని చెప్పాను. అబద్ధం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె కొంచెంసేపు నా మొహం చూసి, “మంచినీళ్లు తాగు” అంది. ఆమె పేరు పోలేదు. విచారణకు ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. అయినా ఆ కవరు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఎక్కడుందో చాలాసేపు ఆలోచించాను. లెక్క తప్పడం చిన్న సంగతి. పార్టీలుగా చీలిన చోట పేరు తీసేయడంతో పని మొదలుపెట్టడమే అసలు తప్పు. ఎవరి చేతిలో ఎరేజర్ ఉంటే వాళ్ల మీద అనుమానం పుడుతుంది, వాళ్లు ఎంత మంచివాళ్లైనా. పైగా ఆ అనుమానం అన్యాయమైనదేం కాదు. 2018లో పేర్లు పోయినవాళ్లు నిజంగానే ఉన్నారు.

వరస మార్చాం

2023 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాం. ఆగస్టు 21న ముసాయిదా, అక్టోబరు 4న తుది జాబితా. అంటే చేతిలో నాలుగు నెలలు. ఈసారి మూడు నిర్ణయాలు తీసుకున్నాం. వాటిలో ఏదీ నా ఒక్కడిదీ కాదు. మా బీఎల్వో, అంటే బూత్ ఓటరు జాబితా చూసే అధికారి, ఒక అంగన్‌వాడీ టీచరు. ఆ అమ్మ మా అందరికన్నా తెలివైనది.

మొదటిది ఆమె చెప్పిందే. “సార్, మీరొక్కరే వస్తే ఒక ఇంట్లో తలుపు తీస్తరు, ఇంకో ఇంట్లో తియ్యరు. ముగ్గుర్ని తెండి, నేను ముందు నడుస్త.” మూడు పార్టీల బూత్ ఏజెంట్లను కలిపి తిప్పడం అన్నమాట. బ్యాంకాయన వెంటనే సరేనన్నాడు. కిరాణా ఆయన “వాళ్లు వస్తే నేనొస్త” అన్నాడు. ఆటో తమ్ముడు రెండు వారాలు తిప్పించుకుని, చివరికి తన వీధి నుంచే మొదలుపెట్టాలనే షరతు మీద వచ్చాడు. వాళ్ల వాళ్ల పార్టీల్లో పైవాళ్లకు ఇది నచ్చలేదని తర్వాత తెలిసింది. అయినా ఆగలేదు. ఎందుకంటే ఎవరు మానేసినా మిగిలిన ఇద్దరూ ఇల్లిల్లూ తిరుగుతారన్న భయం ఉంది. ఐకమత్యం అని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, పని నడిపించింది ఆ భయమే.

రెండోది వేళ. పగలు పోతే ఇళ్లకు తాళాలుంటాయి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది, ఆదివారం పొద్దున. సీరియల్ టైముకు పోతే ఆడవాళ్లు విసుక్కుంటారు, మ్యాచ్ ఉంటే మగవాళ్లు. అయినా మనుషులు దొరికారు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ముందు చేర్చడం, తర్వాత ఒకే ఇంటివాళ్లను ఒక బూత్‌లో కలపడం, తీయడం చిట్టచివర. గుమ్మంలో మొదటి ప్రశ్న “మీ ఇంట్లో ఓటు లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?” అదే “ఇక్కడ ఫలానా ఆయన ఉంటున్నాడా?” అని మొదలుపెడితే మనిషి పోలీసును చూసినట్టు చూస్తాడు. కొడుకుకు పద్దెనిమిది నిండాయని, కోడలి ఓటు పుట్టింటి దగ్గరే ఉందని వాళ్లే చెబుతారు. కొత్తవాళ్లకు ఫామ్ 6. చిరునామా మారినవాళ్లకు, ఇంటివాళ్లు రెండు బూత్‌ల్లో చీలిపోయినవాళ్లకు ఫామ్ 8. ఏజెంటు రోజుకు పది ఫామ్‌లకు మించి ఇవ్వకూడదన్న నియమం మాకు అడ్డం అనుకున్నాం గానీ, అదే మంచిదైంది. పరుగెత్తే వీల్లేదు.

వెళ్లిపోయినవాళ్ల విషయంలో అప్పటిదాకా నాకు తట్టనిది ఒకటి తెలిసింది. బెంగళూరులో ఉన్న మా పాత ఎదురింటాయనకు ఫోన్ చేసి “మీ పేరు తీసేయాలి” అంటే కోపం వస్తుంది. “అక్కడ ఓటు వేయాలనుకుంటే ఫోన్లోనే ఫామ్ 8 పెట్టండి, ఇక్కడిది దానంతట అదే పోతుంది” అంటే థాంక్స్ చెబుతాడు. పని అదే. ఒకదాంట్లో ఆయన దగ్గర్నుంచి లాక్కుంటున్నాం, ఇంకోదాంట్లో ఇస్తున్నాం. ఆయన కుటుంబం నలుగురూ ఆ వారంలోనే మారిపోయారు.

రెండు చోట్ల ఓటు

అన్నిటికన్నా ఇరుకైన పని ఇది. మా కాలనీలో చాలామందికి ఇక్కడొకటి, ఆంధ్రలోనో తెలంగాణలోని సొంత ఊళ్లోనో ఇంకొకటి ఉంది. చట్టం ప్రకారం ఒకే చోట ఉండాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో స్పష్టంగా ఉంది. తప్పుడు ప్రకటన ఇస్తే శిక్ష కూడా ఉంది. కిరాణా ఆయన ఆ సెక్షన్ నంబరు కరపత్రం వేసి పంచుదామన్నాడు. నేను వద్దన్నాను. బెదిరిస్తే జనం అబద్ధం చెబుతారు, రెండూ దాచుకుంటారు.

రెండు ఓట్లున్నవాళ్లందరూ దొంగలని అనుకోవడం సులువు. కానీ వాళ్ల మాట వినాలి. ఊళ్లో ఓటంటే ఉత్త ఓటు కాదు. అన్నయ్య సర్పంచిగా నిలబడితే తమ్ముడి ఓటు అక్కడ లేకపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? 2014లో ఉమ్మడి రాష్ట్రంలో తెలంగాణకు ఏప్రిల్ 30న, ఆంధ్రకు మే 7న పోలింగు. వారం తేడా. అప్పట్లో పేరు రెండు చోట్లా ఉంచుకునే అలవాటు ముదిరింది. 2019లోనూ 2024లోనూ రెండు రాష్ట్రాలకూ ఒకే రోజు పడటంతో ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు. తేల్చుకున్నది మాత్రం మనుషులు, జాబితా కాదు. జాబితాలో రెండూ అలాగే ఉండిపోయాయి. ఊళ్లో ఓటేసిన ప్రతివాడూ ఇక్కడ ‘బద్ధకస్తుడు’గా లెక్కలోకి ఎక్కాడు.

అందుకే మేం అడిగింది ఒక్కటే: ఒకటి ఉంచుకోండి, ఏదైనా సరే. ఇక్కడిది వద్దంటే మీరే సంతకం పెట్టి ఫామ్ 7 ఇవ్వండి. గుంటూరు వైపు ఒక పెద్దాయన గంటసేపు తర్జనభర్జన పడ్డాడు. “ఊళ్లో ఇల్లుంది, పొలముంది, ఓటు కూడా లేకపోతే ఇక నేను ఆ ఊరివాణ్ణి ఎట్టా అవుతానండీ?” అన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య పప్పు తాలింపు వేస్తూనే, “పెళ్లిళ్లకూ చావులకూ పోతూనే ఉన్నాంగా. ఇంక ఓటుకు కూడా బస్సెక్కి పోవాలా? ఇక్కడ డ్రైనేజీ పొంగితే మీ ఊరి సర్పంచి వచ్చి తీస్తాడా?” అంది. ఆటో తమ్ముడు ఫక్కున నవ్వేశాడు. చివరికి ఆయన ఊరిది ఉంచుకున్నాడు, ఆవిడ ఇక్కడిది ఉంచుకుంది. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల ఓట్లు, రెండూ చట్టం ఒప్పుకునేవే.

అక్టోబరు 4కు లెక్క ఇలా తేలింది. మొత్తం 310 పేర్లు తగ్గాయి: చనిపోయినవాళ్లు ఇంటివాళ్ల సంతకంతో, రెండు చోట్ల ఉన్నవాళ్లు సొంత సంతకంతో, వెళ్లిపోయినవాళ్లు ఎక్కువమంది ఫామ్ 8 ద్వారా, మిగతావాళ్లు బీఎల్వో నోటీసు, విచారణ జరిగాక. 80 పేర్లు చేరాయి. జాబితా 1,010కి వచ్చింది. ఎక్కడున్నారో తేలని పేర్లు ఇంకా వంద దాకా మిగిలాయి. వాటిని ముట్టుకోలేదు. తేలనిదాన్ని తీసేయకూడదని ముగ్గురు ఏజెంట్లూ ముందే ఒప్పుకున్నారు. నా ఎక్సెల్ నేర్పిన నియమం అది.

పోలింగు రోజు

2023 నవంబరు 30, గురువారం. పొద్దున ఏడు నుంచి ఐదు దాకా. చేసిన పనులు చిన్నవే. చీటీలు నాలుగు రోజుల ముందే ఫ్లాటు వారీగా అందాయి. భార్యాభర్తలు ఒకే గదికి మారారు. ముసలివాళ్లకు లైను పక్కన కుర్చీలు వేయించాం. వ్యాను మాట్లాడి జనాన్ని తెద్దామని సంఘంలో కొందరు గట్టిగా పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. అభ్యర్థి తరఫున బండి పెట్టి ఓటర్లను తరలించడం చట్టంలో అవినీతి చర్య కిందికి వస్తుంది. మేం ఏ అభ్యర్థి తరఫునా కాకపోయినా, ఇంత చీలిన చోట ఆ వ్యాను ఎవరిదన్న ప్రశ్న పుట్టిందంటే ఆరు నెలల నమ్మకం ఒక్క పూటలో పోతుంది. ఎవరి పక్కింటివాళ్లను వాళ్లు సొంత బండి మీద తెచ్చుకోమన్నాం.

పదకొండింటికి పెద్దమ్మ వచ్చింది. చేతిలో అదే ప్లాస్టిక్ కవరు. ఓటరు కార్డు, చీటీ, వాటితో పాటు ఆ పాత నోటీసు కూడా. “మళ్లీ ఎవడన్న లేనంటే సూపిస్త” అంది.

530 ఓట్లు పోలయ్యాయి. 52 శాతం చిల్లర. 37 నుంచి 52కి. సమాఖ్య వాళ్లు స్వీట్లు పంచారు. నాకు శాలువా కప్పారు.

శాలువా కప్పుకున్నాక వేసిన లెక్క

రాత్రి కూర్చుని అంకెలు మళ్లీ వేశాను. 2018లో జాబితాలో దాదాపు 1,200 పేర్లు, పోలైనవి 440. ఇప్పుడు 530. అంటే గదిలోకి అడుగుపెట్టిన మనుషులు 90 మంది పెరిగారు. మేం జాబితాను ముట్టుకోకుండా, కొత్త పేర్లు మాత్రం చేర్చి ఉంటే 1,320 పేర్లకు 530 ఓట్లు: 40 శాతం. పెరిగిన పదిహేను పాయింట్లలో పన్నెండు, లేనివాళ్ల పేర్లు పోవడం వల్ల వచ్చినవి. నిజంగా పెరిగింది మూడు.

ఇంకొంచెం తవ్వాను. ఎవరికి ఓటేశారన్నది రహస్యం గానీ, ఎవరు వచ్చారన్నది గదిలో కూర్చున్న ఏజెంట్లు తమ కాపీల్లో టిక్కులు పెట్టుకుంటారు. ముగ్గురి కాపీలు కలిపి చూశాం. కొత్తగా చేరిన 80 మందిలో 60 మంది వచ్చారు. మిగిలిన ముప్పై మందే పాతవాళ్లలో పెరుగుదల. వాళ్లలో ఎక్కువమంది, వేరే బూత్‌లో ఉన్న భార్యో భర్తో ఇదే గదికి మారాక జంటగా వచ్చినవాళ్లు. అంటే ‘ఓటెయ్యాలి’ అని చెప్పి మేం కదిలించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఈ మాట సమాఖ్య మీటింగులో చెబితే కార్యదర్శికి నచ్చలేదు. “సార్, 52 అని పేపర్కి ఇచ్చినం గద, ఇప్పుడెందుకు” అన్నాడు.

మే 13

లోక్‌సభ పోలింగు 2024 మే 13న, సోమవారం. శని, ఆదివారాలు కలిసొచ్చాయి. ఆ రోజే ఆంధ్రలో అసెంబ్లీ, లోక్‌సభ రెండూ. శుక్రవారం రాత్రి నుంచే విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరాయి. మా అపార్టుమెంటు సెల్లార్ సగం ఖాళీ. మా బూత్‌లో 505 ఓట్లు పడ్డాయి. నవంబరుకు పాతిక తక్కువ. ఆ రోజు ఆంధ్రలో పోలింగు 80 శాతం దాటింది. మా మల్కాజిగిరిలో 50కి కాస్త పైన.

ఫలితాల తర్వాత ఫామ్ 20లో బూత్ వారీ లెక్క చూస్తే, నవంబరులో మా గదిలో ముందున్న పార్టీ మేలో వెనకబడింది. టీవీల్లో అందరూ ‘ఆర్నెల్లలో ఓటరు మనసు మారింది’ అన్నారు. జూన్‌లో ఒక సాయంత్రం నా వరండాలో ముగ్గురు ఏజెంట్లూ కాపీలు ముందేసుకుని కూర్చున్నారు. నవంబరు టిక్కులు ఎర్ర పెన్నుతో, మే టిక్కులు నీలంతో. నవంబరులో వచ్చిన 530 మందిలో 130 మంది మేలో రాలేదు. అప్పుడు రానివాళ్లు 105 మంది మేలో వచ్చారు. పోలైన మొత్తం చూస్తే తేడా పాతికే. లోపల మాత్రం నలుగురిలో ఒకరు మారిపోయారు.

బ్యాంకాయన పెన్ను కింద పెట్టి, “మనసు మారిందో, మనుషులే మారారో మనకెట్లా తెలుస్తుందండీ?” అన్నాడు. ఫామ్ 20 ఆ రెండింటినీ విడదీసి చూపదు. ఆ 130 మందిలో కొందరు సెలవులకు ఊళ్లకు పోయినవాళ్లు. ఇంకొందరు, నాకిది ఆలస్యంగా తెలిసింది, మాతో ‘ఒక్కటే ఉంది’ అని చెప్పి ఆంధ్రలోనూ ఉంచుకున్నవాళ్లు. కొత్తగా వచ్చిన 105 మందిలో ఉత్తరాది కుటుంబాలు, అసెంబ్లీ అంటే పట్టని ఐటీ పిల్లలు ఎక్కువ. వాళ్లకు ఢిల్లీ ఎన్నికే ఎన్నిక. మనసు మార్చుకున్నవాళ్లు లేరని అనను, ఉన్నారు, నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. కానీ సగం మందే ఓటేసే చోట, ఏ సగం వచ్చిందన్నది తేల్చకుండా ఎవరు ఎటు తిరిగారో చెప్పేవాళ్లను ఇప్పుడు నేను నమ్మను. అప్పటిదాకా నేనూ అలాగే చెప్పేవాణ్ణి.

ఇలాంటి పని మొదలుపెడతామని ఇంకో కాలనీ వాళ్లు అడిగినప్పుడు రెండు సంగతులు ముందే చెబుతున్నాను. శాతం పక్కన పెట్టి, గదిలోకి వచ్చిన తలలు ఎన్నో రాసి పెట్టుకోండి. ఏ లిస్టూ గ్రూపులో పెట్టకండి.

మాకు పరిష్కారం దొరకనిది ఒకటుంది: అద్దెవాళ్లు. పదకొండు నెలల అగ్రిమెంట్లు. ఫామ్ 8 పెట్టి, బీఎల్వో వచ్చి, పేరు మారేసరికి ఇల్లు ఖాళీ చేస్తారు. కొందరు ఓనర్లకు అద్దెవాళ్ల పేరు తమ ఇంటి నంబరు మీద ఎక్కడమే ఇష్టం ఉండదు. ఇల్లు పోతుందేమోనని భయం. మొన్న మా పై ఫ్లాటు వాళ్లు ఖాళీ చేశారు. నిజామాబాద్ నుంచి కొత్త జంట దిగింది. లిఫ్టులో పలకరించి, ఓటు సంగతి అడిగాను. “అక్కడే ఉంది సార్, వచ్చే యేడు ఎట్లాగూ గచ్చిబౌలి వైపు మారిపోతం” అన్నాడు ఆ కుర్రాడు. పాత వాళ్లు ముగ్గురి పేర్లు ఆ ఫ్లాటు మీద అలాగే ఉన్నాయి. ఫోన్ నంబరు ఉంది. ఆదివారం చేయాలి.